అంబరు ఏలునకు అంకెల తీర్పు

మన నగరములలో నిటీవల నొక క్రొత్త విమర్శక వర్గము బయలుదేఱినది. వీరు కావ్యములను విమర్శింపరు, నాటకములను విమర్శింపరు, తమ వీథిలో పొంగి పాఱుచున్న మురుగుకాలువను సైతము విమర్శింపరు. వీరి విమర్శనమునకు విషయము గాజుపాత్రలోని బీరు. హైదరాబాదువంటి నగరములలో భోజనశాలయందే కాగులు నిలిపి, అక్కడనే కాచి, అక్కడనే పులియబెట్టి, అక్కడనే పోసి విక్రయించు బీరుశాలలు వెలసిన పిమ్మట ఈ వర్గము నానాటికి పెరుగుచున్నది. ఒక గ్రుక్క త్రాగుదురు, కన్నులు మూయుదురు, తెఱచుదురు, చేతిలోని ఫోనున అయిదింటికి నాలుగుంబావనియో మూడున్నర యనియో యొక అంకె నొత్తుదురు. దానితో తీర్పు ముగిసినది. ఆ యంకెను జూచి మఱికొందఱు వచ్చుదురు.

మేము మద్యపానమును ప్రోత్సహించు పక్షమువారము కాము. అయినను రుచి నెఱుగుటయే పాపమనియు, తెలిసికొనుటయే పతనమనియు చెప్పువారితోడను మాకు పొత్తు కుదురదు. తెలియనిదానిని నిందించుట సులభము. తెలిసికొని, మెచ్చవలసినదానిని మెచ్చి, నిందింపవలసినదానిని నిందించుట కష్టము. ఆ కష్టమునే యిచట పడ నెంచితిమి. మా వాదమును మొదటనే చెప్పుదుము: పానపరీక్ష యొక విద్య. నేడు మనలో నడచుచున్న అంకెల తీర్పు ఆ విద్య కాదు. అది విద్య వేషము వేసికొన్న వ్యాపార ప్రకటన. ఆ ప్రకటనకు మూల్యము చెల్లించువారు త్రాగువారు మాత్రమే కారు. వారి యిండ్లవారును చెల్లించుచున్నారు.

మే మీ విషయమున ఇంట నొకమాఱు కఠినముగా మాటలాడగా మా మేనల్లుడు నొచ్చుకొని, "మామయ్యా, చూడకుండా తిట్టడం మీకు న్యాయమా? ఒక్కసారి వచ్చి చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు రాసుకోండి" అనెను. ఆ మాటలో న్యాయము కలదు. కావున నొక సాయంకాలము వానివెంట పోతిమి. అద్దపుగోడ వెనుక ఉక్కు కాగులు తళతళ మెఱయుచుండెను. ఒక కొయ్యపలకపై నయిదు చిన్న గాజుపాత్రలను దెచ్చి మా ముందుంచిరి. అందు మూడవది అంబరు ఏలు. తెలుగువారు తృణమణి యని చెప్పుకొను రాతి రంగునుబట్టి దాని కా పేరు వచ్చినది. మేము దానిని రెండు గ్రుక్కలు మాత్రము రుచి చూచితిమి. మా మేనల్లుడు తన వంతు పెద్దపాత్ర దెప్పించుకొని, సగము త్రాగకముందే ఫోనున నాలుగుంబావు వేసెను.

"ఆ ముప్పావు ఎందుకు తగ్గించావురా?" అని యడిగితిమి.

"అయిదుకి అయిదు ఎవరికీ ఇవ్వకూడదు మామయ్యా."

"మరి నాలుగుంబావు దేనికి ఇచ్చావు?"

"బాగుంది కదా!"

వాడు చదువుకొన్నవాడు, తన యుద్యోగమున లెక్కలలో పూర్ణాంకము తప్పిన నిద్రపోనివాడు. అట్టివా డొక యంకెకు కారణము చెప్పలేకపోయెను. చెప్పవలసియున్నదని తోచనుకూడ లేదు. ఈ వ్యాసమునకు బీజ మచటనే పడినది.

మొదట మెచ్చవలసినదానిని మెచ్చుదము. అంబరు ఏలు చేయుట సామాన్యమైన పని కాదు. యవలను నానబెట్టి మొలకెత్తించి యెండబెట్టిన దానిని మాల్టందురు. మొలకెత్తునపుడు గింజలో పుట్టిన జీర్ణకారక ద్రవ్యములు, వేడినీట నూఱబెట్టినపుడు పిండిని చక్కెరగా మార్చును. అంబరు ఏలునకు ఈ సాధారణపు మాల్టు చాలదు. మొలకెత్తిన గింజను తడిగా నుండగనే వెచ్చబెట్టి, పొట్టులోపలనే చక్కెర యేర్పడునట్లు చేసి, పిమ్మట వేయించిన మాల్టును కొంత కలుపుదురు. బెల్లపు పాకమువంటి రుచియు, రాగి రంగును దానివలననే వచ్చును. ఆ తీపును సరితూచుటకు హాప్సు పూవుల చేదు వలయును. అమెరికావారి యంబరు ఏలులో తఱచుగా వాడబడు కాస్కేడు హాప్సు 1972లో సాగుకు విడుదలయినది. దానికి పంపరపనస తొక్కను గిల్లినపుడు వచ్చు వాసనవంటి వాసన కలదు. పిమ్మట కిణ్వము. ఏలు కిణ్వము సుమారు 15 మొదలు 24 డిగ్రీల వేడిలో పనిచేయును; లాగరు కిణ్వమునకు అంతకంటె చల్లదనము వలయును. మన యెండకాలమున కాగును ఈ హద్దులలో నిలుపలేనిచో పానీయము చెడును.

ఈ కిణ్వము ప్రాణికోటిలో చేరినదని లోకమున కెఱుకపఱచినవారిలో పాశ్చరు ముఖ్యుడు. ఆయన బీరును గూర్చిన గ్రంథమును 1876లో ప్రకటించెను. కోపెన్‌హేగను నగరమందలి కార్ల్స్‌బర్గు పరిశోధనాలయములో హాన్సెను 1883లో ఒక్క కణమునుండి శుద్ధమైన కిణ్వమును పెంచి చూపెను. కావున దీనిని వట్టి త్రాగుబోతుల వ్యవహారమని త్రోసివేయుట తగదు. ఇందు శాస్త్రము కలదు, పనితనము కలదు, ఓర్పు కలదు. మన యూరి బీరుశాలలో వేకువజామున కాగులు కడుగు పనివాని చేతియందు గూడ నీ శాస్త్ర మెంతో కొంత కలదు.

పరీక్షించుటయు విద్యయే. అమెరికాలో 1920 మొదలు 1933 వఱకు మద్యనిషేధ ముండెను. అది తొలగిన పిమ్మటకూడ నింట బీరు కాచుకొనుట కేంద్రశాసనమున చాలకాలము నేరముగనే యుండెను. 1978లో శాసనము మార్చిరి. అప్పటికి ఆ దేశమంతట బీరుశాలలు నూటికి లోపుగనే మిగిలియుండెను. పేరుపొందిన కొన్ని కంపెనీలు ఒకే రుచిగల పలుచని బీరు నమ్ముచుండగా, ఇండ్లలో కాచుకొన్నవారును, వారినుండి పుట్టిన చిన్న బీరుశాలలవారును పాత పద్ధతులను వెదకి తీసిరి. ఆంగ్ల రచయిత మైకేల్ జాక్సన్ (గాయకుడు కాడు) 1977లో ప్రకటించిన గ్రంథమున లోకమందలి బీరులను జాతులుగా విభజించి వర్ణించెను. 1985లో బీరు న్యాయనిర్ణేతలకు పరీక్షలు పెట్టి పట్టములిచ్చు సంస్థ యొకటి అమెరికాలో నేర్పడెను. దాని పద్ధతిలో మొత్తము 50 గుణములు: వాసనకు 12, కంటికి కనబడు రూపమునకు 3, రుచికి 20, నోటియందలి స్పర్శకు 5, మొత్తముమీద కలిగిన యభిప్రాయమునకు 10. ప్రతి యంకె ప్రక్కను కారణము వ్రాయవలయును. పానీయ మే జాతిదని చెప్పబడినదో ఆ జాతి లక్షణములతోనే పోల్చవలయును. అంబరు ఏలునకు మద్యసారము నూటికి 4.5 మొదలు 6.2 వఱకు నుండవచ్చునని వారి లక్షణగ్రంథము చెప్పుచున్నది.

దోషములకు గూడ పేరులు కలవు. వెన్న వాసన వచ్చెనా, కిణ్వము తన పని ముగింపకముందే తొందరపడి దింపిరన్నమాట కావచ్చును. పచ్చి ఆపిలు పండు వాసన వచ్చెనా, అదియు పక్వము కాని గుర్తే. ఉడికిన మొక్కజొన్న వాసన వచ్చెనా, కాచుట చాలలేదేమో చూడవలయును. తడిసిన అట్టముక్క వాసన వచ్చెనా, గాలి తగిలి పాతబడినది. ఇట్లు చెప్పగలవానిని మేము పరీక్షకుడందుము. వాని మాటవలన కాచువాడు రేపు తన పనిని దిద్దుకొనగలడు. నాలుగుంబావువలన కాచువా డేమి దిద్దుకొనును?

కావున మా మొదటి యాక్షేపణ మిది: కారణము లేని యంకె తీర్పు కాదు. సంగీతసభలో పాట విని "బాగున్న" దని లేచిపోయినవానిని శ్రోత యందుము, విద్వాంసుడనము. శ్రోతగా నుండుట తప్పు కాదు. శ్రోత విద్వాంసుని యాసనమున గూర్చుండుట తప్పు. చేదు ప్రధానమైన జాతికి చేదుగా నున్నదని తక్కువ గుణము లిచ్చువారిని, గోదుమ బీరు మబ్బుగా నున్నదని మందలించువారిని, అంబరు ఏలు తమకు ప్రియమైన లాగరువలె లేదని విచారించువారిని చూచుచున్నాము. ఇది గారెను బూరెవలె తీయగా లేదని తప్పుపట్టుట వంటిది.

రెండవ యాక్షేపణము న్యాయనిర్ణేత స్థితిని గూర్చినది. ఏ న్యాయస్థానమునందైనను వాదములు సాగుకొలది న్యాయమూర్తికి తెలివి పెరుగవలయును. ఇచట వాదములు సాగుకొలది తఱుగును. మొదటి పాత్రకు మూడు, రెండవదానికి మూడున్నర, నాలుగవదానికి నాలుగున్నర యని గుణములు పెరుగుచుండుట మేము చూచితిమి. నాలుగవది మేలైనదని నమ్ముట కష్టము. త్రాగువాడు మెత్తబడినాడని నమ్ముట సులభము. మంచి పరీక్షకులు ఒక్కొక పానీయమును కొద్దిగానే పుచ్చుకొందురు. నడుమ నీరు త్రాగుదురు. మంచువలె చల్లబఱచిన పానీయము వాసన విడువదని యెఱిగి కొంత వెచ్చబడనిత్తురు. మనవారు మాత్రము పండ్లు జివ్వుమనునంత చల్లనిదానిని, మిరపకాయ బజ్జీల నడుమ, చెవులు గింగురుమను పాటల నడుమ త్రాగి వాసనకు గుణములు వేయుచున్నారు. ఇది చాలదన్నట్లు, అంకె వేసినవానికి మఱియొక పాత్ర ఉచితముగా పోయు ఆచారమును మేము చూచితిమి. పుచ్చుకొన్నవాడు ఆ సంగతిని తీర్పున వ్రాయడు. కక్షిదారుని యింట భోజనము చేసి తీర్పు వ్రాయువానికి లోకమున నొక పేరు కలదు. ఆ పేరు బీరుశాలలో మాఱునా?

మూడవ యాక్షేపణము అన్నిటికంటె ముఖ్యము. ఆ యంకెలో చేరవలసినదే చేరుట లేదు. మన దేశమున 2018లో చేసి, 2019లో అమలుపఱచిన ఆహారభద్రతా నిబంధనల ప్రకారము మద్యపు సీసాపై మద్యసార మెంతయో వ్రాయవలయును; ఆరోగ్యమునకు హానికరమనియు, త్రాగి బండి నడుపరాదనియు హెచ్చరిక ముద్రింపవలయును. సీసాకు చీటి కలదు. గాజుపాత్రకు చీటి యేది? మేము పోయినచోట నాలుగు పుటల పట్టికలో బీరుల పేరులు, వాటి పుట్టుపూర్వోత్తరములు, వాటితో తినదగిన పదార్థములు వర్ణింపబడియుండెను. మద్యసారపు సంఖ్య మాత్రము లేదు. అడుగగా పోయువాడు లోనికి పోయి కనుగొని వచ్చి అయిదున్నర యని చెప్పెను. ఆ సంఖ్య తెలియుటకు మాకు పావుగంట పట్టినది. మా మేనల్లుని పాత్ర యప్పటికి ముగిసినది.

చదువరులు మాతో నొక చిన్న లెక్క చేయుదురుగాక. అరలీటరు పాత్రలో నూటికి అయిదున్నర యనగా 27.5 మిల్లీలీటర్ల శుద్ధమద్యసారము. తూకమున సుమారు 21.7 గ్రాములు. నూటికి 42.8 పాళ్లుగల విస్కీ 30 మిల్లీలీటర్లలో నుండునది సుమారు 10 గ్రాములు. అనగా "ఒక్క బీరే కదా" యని త్రాగిన యా పాత్ర రెండు విస్కీ కొలతల పెట్టు. దేహము మద్యసారమును గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల వంతున మాత్రమే తీర్చుకొనగలదు. కాఫీ త్రాగినను, మొగము కడుగుకొన్నను ఆ వేగము పెరుగదు. మన మోటారువాహనముల చట్టపు 185వ సెక్షను రక్తమున 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యసార మున్నవాడు బండి నడుపుట నేరమని చెప్పుచున్నది. సామాన్యదేహము గలవానిని ఈ యొక్క పాత్రయే ఆ హద్దు దాటింపగలదు. దీనికి నాలుగుంబావు వేసినవాడు ఈ లెక్కకు ఎన్ని గుణములు వేసినాడు?

ఆరోగ్యపు మాటయు నిట్టిదే. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 1988లోనే మద్యపానీయములను మనుష్యులకు క్యాన్సరు కలిగించు మొదటి తరగతి పదార్థములలో చేర్చినది. 2023 జనవరిలో ఆ ఆరోగ్యసంస్థయే, హానిలేని మద్యపు పరిమాణ మనునది యేదియు లేదని ప్రకటించినది. ఇంట చేతితో కాచినంతమాత్రమున, చిన్నకాగున కాచినంతమాత్రమున, మన యూర కాచినంతమాత్రమున మద్యసారము తన స్వభావమును మార్చుకొనదు. "స్వదేశీ" యను పవిత్రమైన మాటను గాజుపాత్రకు గట్టి విక్రయించుట మాకు సహింపరానిదిగా నున్నది.

నాలుగవ యాక్షేపణము మన మనస్సులోని వర్ణభేదమును గూర్చినది. రుచి యనునది ధనవంతుల సొత్తని యెవరు చెప్పిరి? పల్లెలో కల్లు త్రాగువానిని పిలిచి యడుగుడు. తాటికల్లు వేఱు, ఈతకల్లు వేఱు. పోతుతాటిది వేఱు, పండుతాటిది వేఱు. ప్రొద్దుటి లొట్టిలోనిది తీపు, ప్రొద్దు తిరిగినకొలది పులుపు, పులుపుతోపాటు నిషా. ఏ చెట్టుది యేనాడు బాగుండునో, ఎవని చేతి గీత మంచిదో యతడు చెప్పగలడు. ఇదియు పానపరీక్షయే. నడుముకు మోకు బిగించి, గీతకత్తి పట్టి, ప్రాణము నరచేత బెట్టుకొని దినమునకు రెండుమాఱులు చెట్టెక్కువాని పని, ఉక్కుకాగు మీట త్రిప్పువాని పనికంటె తక్కువ పనితనము కాదు. లొట్టి లోపల సున్నము పూసినచో కల్లు పులియక నీరాగా నిలుచునని యతనికి తెలియును. కిణ్వమును గూర్చి పాశ్చరు వ్రాసిన గ్రంథమును చదువకయే తెలియును.

అయినను ఒకని త్రాగుడును "సంస్కృతి" యందుము. మఱియొకని త్రాగుడును "వ్యసన" మందుము. ఒకని కొట్టునకు దీపాలంకారము. మఱియొకని దుకాణమునకు ముక్కు మూసికొనుట. దీని ఫలమేమి? పేదవాడు త్రాగునది శుద్ధమా కాదా యని పరీక్షించువాడు లేకపోవుట. నగరపు కల్లుదుకాణములలో క్లోరల్ హైడ్రేటు, ఆల్ప్రాజోలము వంటి మత్తుమందులు కలిపిన కల్లు పట్టుబడుటను పలుమాఱులు వినియున్నాము. 2025 జూలైలో హైదరాబాదులోని కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. అంబరు ఏలులో వెన్న వాసన వచ్చినదని మూడు పుటలు వ్రాయగల నాలుకలు, ఆ కల్లులో నేమి కలిసినదో యడుగుట కేల లేవవు? రుచి నెఱిగినవాడు మొట్టమొదట విషమును గుర్తింపవలయును గదా.

కౌటిల్యుని యర్థశాస్త్రమున సురాధ్యక్షుడను నొక యధికారి కలడు. బియ్యముతో, కిణ్వముతో చేయు మేదకము మొదలుగా, ఆసవము, మైరేయము మున్నగువాని పాళ్లను ఆ గ్రంథము కొలతలతో చెప్పుచున్నది; పానాగారమున నెవడు తన స్థితికి మించి వెచ్చించుచున్నాడో కనిపెట్టుటకు మనుష్యుల నుంచవలెననియు చెప్పుచున్నది. అది రాజు బొక్కసము కొఱకును, దొంగలను పట్టుట కొఱకును చేసిన యేర్పాటు. దానిని ఆదర్శమని మేము చెప్పము. కాని పాళ్లు, ధర, త్రాగువాని స్థితి యీ మూడును ఒకేచోట చూడవలెనన్న తెలివి యందు కలదు. మన అంకెల పండితులకు ఆ తెలివియైన లేదు.

ఇపుడు మాపై రెండు ప్రక్కలనుండి ఆక్షేపణలు వచ్చును. మొదటి ప్రక్కవారు, "వేడుక కొఱకు వేసిన యంకెకు ఇంత ధర్మశాస్త్ర మేల? కాఫీకి, దోసెకు గుణములు వేయుట లేదా?" యందురు. దోసె తిని బండి నడిపినవానికి చట్టము శిక్ష వేయదు. దోసె తిన్నవా డింటికి వచ్చిన యడుగుల చప్పుడునుబట్టి పిల్లలు మంచము క్రింద దూఱరు. వేడుక యన్నది వేడుకగానే యుండవలెనన్నచో దాని వెల యెంతయో దాచకుండుడు. దాచబడినప్పుడే అది మోస మగుచున్నది.

రెండవ ప్రక్కవారు మా మిత్రులు, నిషేధవాదులు. "రుచి చూచుటయే తప్పు. దీని పాళ్లు, వాసనలు మన కేల? నిషేధింపుడు" అందురు. వారికి వినయముతో ఒక చరిత్రను జ్ఞాపకము చేయుదుము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము జిల్లాలు దాటెను. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోను, అదే యేట అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో దానిని సడలించిరి. సారా నిషేధము నిలిచినది, సీసామద్యము తిరిగివచ్చినది. రాజ్యాంగపు 47వ అధికరణము మద్యనిషేధమునకు యత్నింపుమని ప్రభుత్వములను ఆదేశించుచుండగనే, మద్యముపై పన్ను ప్రభుత్వపు బొక్కసమునకు ప్రధానాధారములలో నొకటిగా నున్నది.

ఈ చరిత్రనుండి మేము నేర్చుకొన్న పాఠము నిషేధము వ్యర్థమని కాదు. దూబగుంట స్త్రీలు ఆ సారాకు గుణములు వేసిరి. వా రే నాలుకతో రుచి చూడలేదు. కూలి యెంత, దుకాణమునకు పోయిన దెంత, ఇంటికి వచ్చిన దెంత, ఒంటిపై పడిన దెబ్బ లెన్ని యని లెక్కించిరి. కారణములతో గూడిన తీర్పు అది. ఆ తీర్పునకు రాష్ట్రము తలవంచినది. చదువురాని స్త్రీలు లెక్కించినంతకాలము ఉద్యమము నడచినది. లెక్క ప్రభుత్వముచేతికి పోయిన పిమ్మట మాఱిపోయినది. కావున మిత్రులారా, మనకు వలసినది తెలిసిన లెక్క. వాసన తెలియనివాడు కల్తీని పట్టలేడు. పాళ్లు తెలియనివాడు ప్రమాదమును చెప్పలేడు. చూడకయే నిందించు పెద్దల మాట ఇంటి యువకుల చెవి కెక్కదు. మా మేనల్లుడు మమ్ము వెంట రమ్మనుట మేము వాని మాట వినినందుననే. మా మాట వాడు కొంతయైన వినుట మేము వెంట పోయినందుననే.

మేము కోరునవి గొప్ప కోరికలు కావు. బీరుశాలవారు ప్రతి పానీయపు పేరు ప్రక్కను దాని మద్యసారమును, పాత్రకు నెన్ని గ్రాములగునో కూడ, ధర వ్రాసినంత పెద్ద యక్షరములలో వ్రాయవలయును. సీసాకు వర్తించు న్యాయము గాజుపాత్రకును వర్తింపవలయును. తీర్పు వ్రాయువారు అంకెకు ముందు కారణము వ్రాయవలయును. ఉచితముగా త్రాగినచో ఆ మాట మొదటి పంక్తిలో చెప్పవలయును. రెండవ పాత్ర పిమ్మట తీర్పు వ్రాయరాదు. పరీక్షకని పోసిన చిన్న పాత్రతో పరీక్ష ముగియవలయును. ప్రభుత్వ పరీక్షాధికారులు ఉక్కుకాగులను చూచు కన్నులతోనే కల్లుదుకాణపు కుండలను చూడవలయును. ఫలితములను ఆ వీథివారు చదువుకొన వీలుగా అంటింపవలయును. ఇక మన యిండ్లలోని పెద్దలు, పిల్లలు త్రాగుచున్నారో లేదో తెలియనట్లు నటించుట మానవలయును.

ఆ సాయంకాలపు అంబరు ఏలును గూర్చి మా తీర్పు చెప్పనిచో మేమును మాట తప్పినవార మగుదుము. రంగు చక్కని రాగిరంగు. నురుగు మేలుగా నిలిచినది. వాసనలో వేయించిన గింజయు, కొంచెము పాకపు తీపును కలవు. పంపరపనస వాసన మిక్కిలి తక్కువ, హాప్సు పాతవై యుండవచ్చును. నాలుకపై మొదట తీపు, పిదప చేదు రావలసియుండగా తీపే తుదివఱకు నిలిచినది. మ్రింగిన పిమ్మట లీలగా వెన్న వాసన తగిలినది. మఱి రెండుమూడు దినము లాగి దింపియుండిన పోయెడిదేమో. పనివాడు సమర్థుడే, యజమానుడు తొందరపడినాడు. మేము రెండు గ్రుక్కలతో నిలిపితిమి. కొనగొనుటకు కారణము కనబడలేదు. అంకె వేయము.

తీర్పు ఇంతటితో ముగియలేదు. మేము లేచునప్పటికి మా మేనల్లుడు రెండవ పాత్ర ముగించి, కారు తాళపుచెవులు చేత బట్టుకొనెను. "రెండే కదా మామయ్యా, నాకేం కాలేదు" అనెను. అంతలో వాని భార్య ఫోను చేసెను. వాడు మాకందిచ్చెను. ఆమె బీరు ఎట్లున్నదని యడుగలేదు. ఎన్ని గుణములు వేసితిరని యడుగలేదు. "మామయ్యగారూ, బండి ఎవరు నడుపుతున్నారు?" అని యొక్క మాటే యడిగెను.

ఆ సాయంకాలము ఆ బీరును గూర్చి వినబడిన ప్రశ్నలలో తగిన ప్రశ్న అది యొక్కటే. యాబది గుణముల పట్టికలోను దానికి చోటు లేదు. అయిదు గుణముల పట్టికలోను లేదు. వాడు సిగ్గుపడి తాళపుచెవులు మా చేతి కిచ్చెను. మాకు కారు నడుపుట రాదు. కావున కారు నచటనే విడిచి, ఆటో పిలిచి, ఇద్దఱమును ఇల్లు చేరితిమి. వాకిట దీపము వెలుగుచుండెను. ఆమె తలుపు తీసి, మా యిద్దఱి మొగములను జూచి, మాఱుమాట లేక లోనికి పోయి అన్నము వడ్డించెను.